నెప్ట్యూన్ షర్బతు

బడిలో సైన్సు ల్యాబు అటెండరుగా కొత్తగా చేరిన అమ్మాయిలెవరైనా ఇది చదువుతుంటే ముందే ఒక సంగతి చెప్పేస్తాను. నేను నా పనిలో మంచి పేరున్నదాన్ని. పంతొమ్మిదేళ్లలో నా ల్యాబులో ఒక్క పిల్ల చెయ్యి కాలలేదు, ఒక్క వేలు తెగలేదు. ఆ తర్వాత ఒక గురువారం ఏం జరిగిందో, అందులో నా పాలు ఎంతో చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను. ఆ గురువారం తర్వాత కూడా నా పేరు చెడిపోలేదు. నన్ను తినేసింది అదే.

మేం రియాదులో, మలాజ్‌లో ఉండేవాళ్లం. "వాళ్లం" అనడం అలవాటు కొద్దీ అంటున్నాను. ఉండేది నేనొక్కదాన్నే. మా ఆయన ఖఫ్జీలో చమురు బావుల దగ్గర పని. నెలకోసారి నాలుగు రోజులకు వచ్చేవాడు. రెండు రోజులు నిద్ర, మూడో రోజు సామాన్లు, నాలుగో రోజు బస్సు. పిల్లలు లేరు. ఆ సంగతికీ ఈ కథకూ సంబంధం ఉందని మీరు అనుకుంటే అనుకోండి, నేను కాదనను.

మాది మన దేశపు సిలబస్ చెప్పే చిన్న బడి. నేను పనిచేసిన భవనంలో చిన్నపిల్లలూ పెద్ద ఆడపిల్లలూ చదివేవాళ్లు. మేడ మీద ల్యాబు, దానికి ఆనుకుని చిన్న గది. రసాయనాలు కలపడం, గాజు సామాను కడగడం, ఎండబెట్టడం, చీటీలు అంటించడం అన్నీ ఆ గదిలోనే. నేను అన్నం తినేదీ అక్కడే. టీచర్లకు స్టాఫ్ రూం ఉంది. ఆయాలకు కింద మెట్ల పక్కన చాప ఉంది. నేను టీచర్నీ కాను, ఆయానీ కాను. ఎవరూ నన్ను రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. పిలవని చోటికి పోయే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. అందుకని డబ్బా తెరిచి గోడకేసి చూస్తూ తినేదాన్ని.

ఆ ల్యాబులో నా మాట ఒకటే. ఇక్కడున్నదేదీ ముట్టుకోకూడదు, నోట్లో పెట్టకూడదు. ఆ మాట ఎన్ని వేలసార్లు అన్నానో! ఒకసారి మెట్లెక్కుతుంటే పైనుంచి పిల్లల గుసగుస వినపడింది, "పదండే, డోంట్ టచ్ ఆంటీ వస్తోంది" అని. నా వెనక నాకు పెట్టుకున్న పేరు అదన్నమాట. నాకు కోపం రాలేదు, గర్వపడ్డాను. ఎంత తెలివితక్కువదాన్నో చూడండి.

మన దేశం చంద్రుడి మీద దిగిన ఏడాది అది. సౌదీవాళ్లు కూడా ఇద్దరు అంతరిక్షానికి పోయి వచ్చారు. పిల్లలకు వేరే మాటే లేదు. ఎండలు తగ్గాక బడిలో అంతరిక్ష వారం పెట్టారు. సైన్సు టీచరు కేరళ అమ్మాయి, చిన్న వయసు, ఎప్పుడూ ఏదో ఒకటి కొత్తగా చేయాలని తాపత్రయం. రెండో తరగతి, మూడో తరగతి పిల్లల చేత పొయ్యి వెలిగించకుండా తిండ్లు చేయిద్దామంది. గ్రహాలు, ఉల్కలు, రాకెట్లు, అన్నీ తినేవే. "దీదీ, మీరు హెల్ప్ చెయ్యాలి" అని వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పంతొమ్మిదేళ్లలో ఒక టీచరు నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. సరే అన్నాను. అంతటితో ఆగానా?

"షర్బతు పేపర్ కప్పుల్లో పోద్దాం" అంది ఆమె హిందీలో.

"పేపర్ కప్పులు ఇంట్లో లేవా ఏంటి? బీకర్లలో పోద్దాం. అంతరిక్షం అన్నాక ల్యాబు మాదిరి ఉండాలి గదా" అన్నాను.

ఆమె సందేహంగా చూసింది. "దీదీ, రూల్ మీదే కదా?"

"కొత్త పెట్టె ఉంది, ఇంకా తెరవలేదు. ఇంటికి తీసుకుపోయి మూడుసార్లు మరగబెట్టి తెస్తాను. వాటిని వేరే పెట్టెలో దాచి ల్యాబుకు మళ్లీ వాడను."

అన్నట్టే చేశాను. కొత్త బీకర్లు యాభై, నా వంటింట్లో మరగబెట్టి, కొత్త తువ్వాలు పరిచి ఆరబెట్టాను. వాటి శుభ్రంలో తప్పేమీ లేదు. ఒక పిల్ల బుర్రలో బీకరంటే తాగేది అని పడిపోతే దాన్ని ఏ నీళ్లతో కడుగుతాం? ఆ ఆలోచన నాకు రాలేదు. ఆ టీచరుకు వచ్చింది. నేను పెద్దదాన్ని కాబట్టి నా మాట చెల్లింది. ఎందుకు పట్టుబట్టానో చెప్పనా? బీకర్లు నావి. పేపర్ కప్పులైతే ఎవరైనా పోస్తారు. బీకర్లయితే ఆ రోజు పిల్లలంతా నా చుట్టూ మూగుతారు. అంతే.

ఆదివారం పొద్దున ల్యాబు బల్లల మీద కొత్త ప్లాస్టిక్ గుడ్డ పరిచాం. నలభై మంది పిల్లలు, తలలకు అట్టముక్కల హెల్మెట్లు. ఖుబూస్ రొట్టెను గ్లాసుతో అదిమి గుండ్రంగా కోస్తే గ్రహాలు. దాని మీద లబ్‌నా పెరుగు మందంగా పూసి వేలితో గుంటలు నొక్కితే చంద్రుడు. గింజ తీసిన ఖర్జూరాలను కొబ్బరి పొడిలో దొర్లిస్తే ఉల్కలు. అనాసపండు చక్రంలో ద్రాక్షపండు పెడితే శని. ఒక పిల్లవాడు చంద్రుడికి పెట్టాల్సిన గుంటలు పక్కవాడి చెంపల మీద పెట్టాడు. ఒకతె ఉల్కలన్నీ తినేసి, "అవి రాలిపోయినాయి టీచర్" అంది. ఆ అమ్మాయి టీచరు నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుంది.

షర్బతులు నా వంతు. ప్రొద్దుటూరు నుంచి తెచ్చుకున్న నన్నారి షర్బతు గురుగ్రహం. నిమ్మ సోడాలో నీలం సిరప్, నానబెట్టిన సబ్జా గింజలు కలిపితే నెప్ట్యూన్. సబ్జా గింజల్ని చూసి ఏలియన్ కళ్లని కేకలు. అందరికీ నెప్ట్యూనే కావాలి. ఒక్కొక్కరికి అరవై గీత దాకా పోసి ఒక ఆట పెట్టాను. బీకరులో ఉన్నది రాకెట్ ఇంధనం. బల్ల మీద పెట్టి, వంగి, కన్ను గీతకు సరిగ్గా ఎదురుగా పెట్టి చూడాలి. ఒక గుక్క తాగాలి, మళ్లీ పెట్టాలి, మళ్లీ వంగి చూడాలి. "ఇంధనం ఎంత?" అని నేను అరిస్తే "యాభై! నలభై అయిదు!" అని వాళ్లు అరవాలి. ఎనిమిదో తరగతి పిల్లలకు ఏడాదంతా చెప్పినా రాని విద్య, వాళ్లకు పది నిమిషాల్లో వచ్చింది. నలభై మంది బల్లల మీదికి వంగి, ఒక కన్ను మూసుకుని గీతలు చూస్తుంటే నా గుండె నిండిపోయింది. నేను ఆ ఊళ్లో అంత సంతోషంగా ఎప్పుడూ లేను. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను.

చివర్లో ఒక పాప మిగిలింది. మూడో తరగతి, రెండు జడలు, హెల్మెట్ లేదు. ఆమె వంతు వచ్చేసరికి నీలం సిరప్ అయిపోయింది. నన్నారి పోసిచ్చాను. తాగింది, గీతలు చూసింది, అడక్కుండానే "పది" అని చెప్పింది. బీకరు తిరిగి ఇచ్చి అక్కడే నిలబడింది.

"ఏం కావాల పాపా?" అన్నాను. అందరూ ఇంగ్లీషులో అరిస్తే ఈమె తెలుగులో "పది" అనేసరికి తెలుగు పిల్లని తెలిసింది.

"అందరికీ నీలంది ఇస్తివి. నాకు ఈలేదు."

మాటలో మా సీమ యాస. ఏ ఊరని అడిగితే మదనపల్లె అంది. నాన్న లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పని. వాళ్లొచ్చి రెండు నెలలైంది. తరగతిలో ఆమె పక్కన ఎవరూ కూర్చోరట, హిందీ రాదని. అది ఫిర్యాదుగా చెప్పలేదు, లెక్క చెప్పినట్టు చెప్పింది.

వంగి ఆమె చెవిలో అన్నాను. "రేప్పొద్దున ఇంటర్వెల్‌కు నా రూంకు రా. నీకొక్కదానికే నీలంది చేసి పెడతా. ఎవురికీ చెప్పొద్దు, ఏం?"

ఆమె తల ఊపింది. నవ్వలేదు. ఆ పాప దేన్నైనా చాలా గట్టిగా తీసుకునే రకమని నేను అప్పుడే కనిపెట్టి ఉండాల్సింది.

మరుసటి రోజుకు మర్చిపోయాను. దానికి పెద్ద కారణమేదీ లేదు. పెద్ద తరగతుల ప్రాక్టికల్స్ మొదలయ్యాయి, సామాను లెక్క చూసుకున్నాను, సిరప్ కొనలేదు. నా అన్నం నేను తిన్నాను. మంగళవారం, బుధవారం కూడా అంతే. పంతొమ్మిదేళ్లుగా నాకోసం ఎవరూ ఎదురుచూడలేదు. నాకోసం ఒకరు ఎదురుచూస్తుంటారన్న ఊహే నాకు తోచలేదు.

గురువారం ఇంటర్వెల్ తర్వాత ఎనిమిదో తరగతి ప్రాక్టికల్. మైలుతుత్తం, అదే కాపర్ సల్ఫేట్, ద్రావణంలో ఇనుప మేకు వేసి, దాని మీద రాగి పూత ఎక్కడం చూపించే ప్రయోగం. మైలుతుత్తం నీళ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు కదా? నిండు నీలం, చూడముచ్చటగా ఉంటుంది. ఎనిమిది బీకర్లలో అరవై గీత దాకా పోసి ల్యాబు బల్లల మీద పెట్టాను. అవి పాత బీకర్లే, షర్బతువి కావు. తొమ్మిదోది నమూనాగా నా గదిలో నా బల్ల మీద పెట్టుకున్నాను. రోజూ అన్నం డబ్బా పెట్టుకునే చోటే పెట్టాను. చీటీలు అంటించబోతే చీటీల కాగితం అయిపోయింది. చీటీ లేకుండా రసాయనం వదలకూడదన్నది కూడా నా రూలే. అందుకని ఇంటర్వెల్ బెల్లు కొడుతుండగా చీటీలు తేవడానికి ఆఫీసుకు పోయాను. తలుపు దగ్గరికి వేశాను, తాళం వేయలేదు. రెండు నిమిషాల పని. ఆఫీసులో గుమాస్తా ఫోనులో ఉన్నాడు. పది నిమిషాలైంది.

తిరిగి వస్తే నా గది సింకు దగ్గర ఆ పాప. మునివేళ్ల మీద నిలబడి, సింకు అంచు పట్టుకుని వాంతి చేసుకుంటోంది. సింకులో నీలం, ఆకుపచ్చ. పెదవుల చుట్టూ నీలం. బల్ల మీద బీకరు, పెట్టిన చోటే నిదానంగా పెట్టి ఉంది.

నేను అరిచాను. సైన్సు టీచరు పరుగెత్తుకొచ్చింది. పాప నోరు కడిగి, నీళ్లు తాగించాం. టీచరు ఆమెను ఎత్తుకుని మెట్లు దిగింది. కింద నర్సు బండి పిలిపిస్తోంది. నేను కూడా వెంటనే వాళ్ల వెనక పరుగెత్తాలి. పరుగెత్తానా? లేదు. ముందు బల్ల మీది బీకరు తీసుకుని, మిగిలింది సింకులో పారబోసి, సబ్బు పెట్టి కడిగి, బోర్లించి, అప్పుడు పోయాను.

వాడిన సామాను వెంటనే కడగడం నా చేతులకు పట్టిన అలవాటు. లేదా ఆనవాలు లేకుండా చేయాలన్న భయం. ఆ రెండింట్లో ఏది ఆ పని చేయించిందో ఇవాళ్టికీ తేల్చుకోలేకపోయాను. అలవాటేనని చెప్పుకుంటే నిద్ర పడుతుంది. అందుకే ఆ జవాబంటే నాకు అనుమానం.

బడికి దగ్గర్లోనే పాలీక్లినిక్. ఈజిప్టు డాక్టరమ్మ. గదిలో ప్రిన్సిపాల్ మేడం, టీచరు, నేను. పాప మంచం మీద, చేతికి సూది. తాగింది ఏమిటో, ఎంత గాఢత కలిపానో చెప్పాను. అది నాకు కంఠతా వచ్చు. డాక్టరమ్మ అడిగింది, "హౌ మచ్?" ఎంత తాగిందో, అదొక్కటే తెలియాలట. కొంచెమైతే కనిపెట్టుకుని ఉంటే చాలు, ఎక్కువైతే పెద్దాసుపత్రికి పంపాలి, ఆలస్యం పనికిరాదు.

మేడం నా వైపు తిరిగింది. "బీకర్ కహాఁ హై? కితనా బచా థా?" బీకరు ఏది, ఎంత మిగిలింది అని.

"ధో దియా" అన్నాను. కడిగేశాను.

కేరళ టీచరు నా మొహం చూసి తల దించుకుంది. పేపర్ కప్పుల మాట ఆ అమ్మాయి అప్పుడు ఎత్తవచ్చు. ఎత్తలేదు, ఆ తర్వాతా ఎన్నడూ ఎత్తలేదు.

అప్పుడు మంచం మీద నుంచి పాప తెలుగులో అంది. "అరవై ఉండె ఆంటీ. ఒక గుక్క తాగి పెట్టి చూస్తి. యాభై కాడికి వచ్చిండె. కన్ను గీతకు పెట్టే చూస్తి." ఊపిరి తీసుకుని మళ్లీ అంది. "నాకోసరమే పెట్టింటివి గదా? నీలంది చేసి పెడతానంటివి గదా? చేదుగా ఉంది ఆంటీ."

"క్యా బోల్ రహీ హై?" ఏమంటోందని అడిగింది మేడం.

ఆ గదిలో తెలుగు వచ్చినవాళ్లం ఇద్దరమే. తొమ్మిదేళ్ల పాప, యాభై దాటిన నేను.

"పది ఎమ్మెల్ తాగిందట" అని ఇంగ్లీషులో చెప్పాను.

"ఔర్ క్యా బోలీ? చాలాసేపు మాట్లాడింది కదా?"

"బస్, ఇతనా హీ" అన్నాను. అంతే, ఇంకేమీ లేదు.

పాప నన్నే చూస్తోంది. ఆమెకు హిందీ రాదు కాబట్టి నేను ఆమె మాటలన్నీ చెప్పేశాననే అనుకుని ఉంటుంది.

పది ఎమ్మెల్ అంటే డాక్టరమ్మ భుజాలు దించింది. ఎవరికో ఫోను చేసి లెక్క చూసుకుంది. రక్తం పరీక్షకు పంపింది. సాయంత్రం దాకా ఉంచుకుని, ఏమీ కాలేదు, ఇంటికి తీసుకుపోవచ్చంది. మధ్యాహ్నానికే పాప నాన్న వచ్చాడు, కంపెనీ యూనిఫాంలో, చేతులకు గ్రీజు తుడుచుకోకుండా. ఆయనకు మేడం హిందీలో చెప్పింది, పాప ఎవరికీ చెప్పకుండా మేడ మీదికి పోయిందనీ, దొంగతనంగా గదిలో దూరి కనపడింది తాగేసిందనీ, బడి ఈసారికి ఊరుకుంటుంది గానీ ఇంట్లో బుద్ధి చెప్పుకోమనీ. ఆయన తల వంచుకుని జీ, జీ అంటున్నాడు. నేను రెండడుగుల దూరంలో గోడకు ఆనుకుని ఉన్నాను. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు.

ఆ సాయంత్రం మా ఆయనకు ఫోను చేసి అంతా చెప్పాను. "బిడ్డకేమీ కాల్యా గదా?" అన్నాడు. లేదన్నాను. "అట్లయితే నువ్వు గమ్మునుండు. కేసయితే నీ ఒక్కదాంతో పోదు. నీ ఇకామా నా పేరు మీద ఉండాది. ఇద్దరమూ మూట గట్టుకోవాల." ఇకామా అంటే అక్కడ ఉండనిచ్చే అనుమతి కార్డు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. నేనూ అంతే. సరే అన్నాను. ఆయన చెప్పకపోయినా గమ్మునే ఉండేదాన్నేమో, ఎవరికి తెలుసు?

మరుసటి రోజు శుక్రవారం. సాయంకాలం అసర్ నమాజు బాంగు అయిన కాసేపటికి తలుపు కొట్టారు. పాప అమ్మా నాన్నా. బిడ్డను పక్కింట్లో పడుకోబెట్టి వచ్చారట. ఆయన చేతిలో నారింజపండ్ల సంచి. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడ్డారు.

"అక్కా, మా పాప వల్ల మీకు చానా ఇబ్బంది అయినాది. మీరు లేకపోతే ఎంత తాగినాదో డాక్టరుకు చెప్పేవాళ్లే లేరంట. మీ మేలు మర్చిపోము. ఏమీ అనుకోవద్దండి" అన్నాడాయన.

క్షమాపణ చెప్పడానికి వచ్చారు. నాకు! నేను తలుపు రెక్క పట్టుకున్నాను.

"పాపకు ఎట్లుంది?"

"బాగుంది. ఒకటే బాధక్కా, అబద్ధాలు నేర్చినాది. ఆంటీనే రమ్మనె, ఆంటీనే నాకోసరం పెట్టింది అంటాది. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. రెండు తగిలించినా. ఇంగో రెండు తగిలించినా అదే మాట. అల్లరి చేస్తే ఓర్చుకుంటా, అబద్ధం మటుకు ఓర్చుకోను."

ఒంటి మీద సూది గుచ్చిన మరునాడే ఆ బిడ్డ దెబ్బలు తింది, నా మాట నిజమని నమ్మినందుకు.

"అబద్ధం గాదన్నా" అన్నాను. "నేనే రమ్మన్న్యా. నీలంది చేసి పెడతా, ఎవురికీ చెప్పొద్దంటి. మర్చిపోతి. అది ఆస్పత్రిలో చెప్పె. అందరూ ఉండంగానే చెప్పె. నేనే వాళ్లకు చెప్పల్యా."

ఆయన పండ్ల సంచి కింద పెట్టాడు. పాప అమ్మ అంది, చాలా మెల్లగా. "ఈయనకు మేడం చెప్తావుంటే మీరు పక్కనే ఉండిరంట గదక్కా?"

"ఉంటి" అన్నాను.

ఆమె మెట్లు దిగింది. ఆయన వెనకే పోయాడు. నారింజపండ్ల సంచి గుమ్మంలో వదిలేశారు. అది తీసుకుపోయి ఉంటే బాగుండేది. వారం రోజులు అక్కడే ఉంచి చివరికి వాచ్‌మన్‌కు ఇచ్చేశాను.

ఆదివారం పొద్దున ఇంగ్లీషులో కాగితం రాసి ప్రిన్సిపాల్ మేడం బల్ల మీద పెట్టాను. పిల్లను నేనే పిలిచానని, మాట ఇచ్చి మర్చిపోయానని, చీటీ అంటించలేదని, తాళం వేయలేదని, ఆసుపత్రిలో సగమే చెప్పానని. ఆమె చదివింది. కళ్లద్దాలు తీసింది. ఉద్యోగం పోయినట్టే అనుకుని నిలబడ్డాను. "పిల్ల బాగానే ఉంది కదా, తండ్రి కూడా కంప్లెయింట్ ఇవ్వలేదు" అని ఆ కాగితం సొరుగులో పెట్టింది. "ఇకనుంచి ఇంటర్వెల్‌లో తాళం వేసి ఉంచండి. ల్యాబులో తిండి వద్దు. జాయియే." ఇక వెళ్లమంది, అంతే. నేను రాత్రీ పగలూ ఏ భయంతో వణికానో ఆ భయం విలువ అంత. నా పేరు పేరుగానే ఉంది. మూడో తరగతి రిజిస్టరులో మాత్రం ఆ పాప పేరు పక్కన ఎర్ర సిరాతో ఒక హెచ్చరిక ఉందని తర్వాత తెలిసింది. అది కొట్టేయించడానికి ఆ మేడం గది చుట్టూ తిరుగుతూ నాకు నెల పట్టింది. అదొక్కటే నేను సరిగ్గా చేసిన పని.

అదే రోజు బడి అయ్యాక పాప ఇంటికి పోయాను. దారిలో బకాలా కొట్లో నీలం సిరప్ సీసా చేతిలోకి తీసుకుని, చూసి, మళ్లీ అరలో పెట్టేశాను. ఉత్త చేతులతోనే పోయాను. వాళ్లమ్మ తలుపు తీసి, పక్కకు జరిగి దారి ఇచ్చింది. పాప నేల మీద బోర్లా పడుకుని బొమ్మలు వేసుకుంటోంది. నేను ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాను.

"నువ్వు చెప్పింది నిజమే పాపా. మీ నాయనకు చెప్పినా, మేడంకు గూడా చెప్పినా."

"తెలుసు. నాయన చెప్పినాడు." తల ఎత్తలేదు.

"తప్పు నాది. నీది గాదు."

పెన్సిలు ఆగింది. "ఆ పొద్దు చేసి పెట్టింటివా, లేదా?"

"ఏ పొద్దు?"

"సోమారం."

"లేదు పాపా. మర్చిపోతి."

"మంగళారం?"

"లేదు."

"బుధారం?"

"లేదు."

ఆమె తల ఊపింది, మూడు లెక్కలూ సరిపోయినట్టు. "నేను మూడు దినాలూ వస్తి. తలుపు సందులోంచి చూస్తి. నువ్వు అన్నం తింటాంటివి. ఒక్కదానివే."

"పిలవల్సింది గదా పాపా? లోపలికి రావల్సింది గదా?"

అప్పుడు తల ఎత్తి చూసింది. ఇంత చిన్న సంగతి నాకెందుకు తెలియదన్నట్టు చూసింది.

"నువ్వు డోంట్ టచ్ ఆంటీ గదా" అంది.

ఆ తర్వాత రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఆ రెండేళ్లూ ఇంటర్వెల్‌లో ల్యాబుకు తాళం వేసి, నా డబ్బా తీసుకుని బయట వరండాలో బెంచీ మీద కూర్చుని తిన్నాను. రెండో డబ్బాలో ఖర్జూరాలో, వేరుశనగ చిక్కీనో పెట్టుకునేదాన్ని, ఎవరైనా అడిగితే ఇద్దామని. ఒక్కోసారి ఎవరో ఒక పిల్ల ఆగి, "ఆంటీ, బెల్లు కొట్టారా?" అని అడిగి పరుగెత్తేది. ఆ పాప నాలుగో తరగతికీ, ఐదో తరగతికీ వచ్చింది, హిందీ వచ్చేసింది, పక్కన ఇద్దరు స్నేహితురాళ్లు. లైన్లో పోతూ నా డబ్బా వైపు ఒకసారి చూసేది. ఆగేది కాదు.